రిజిస్ట్రేషన్ ఫ్రీ అట, ధర మాత్రం తగ్గించరట!

ఈసారి బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొత్త ఫ్లాట్ల ఆఫర్ల గురించే. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను బిల్డర్ల తరఫున ఫ్లాట్లు అమ్మినదాన్ని. ఇలాంటి పాంప్లెట్లు నేనూ రాశాను. అందుకని టేబుల్‌కి అవతల కూర్చున్నవాళ్లు ఏం లెక్క వేస్తారో కూడా కలిపి చెప్తాను.

ప్రశ్న: మేము కాడుగోడి వైపు ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చేసింది. ధర 96 లక్షలు. "ధర తగ్గించే పద్ధతి మా కంపెనీలో లేదు మేడమ్, రిజిస్ట్రేషన్ మాత్రం మాది, మాడ్యులర్ కిచెన్ ఫ్రీ" అన్నాడు సేల్స్ అబ్బాయి. మావారు గట్టిగా పట్టుబడితే మేనేజర్ వచ్చి, "అవేవీ వద్దంటే 6 లక్షలు తగ్గించి 90కి ఇస్తాం" అన్నాడు. మావారు తగ్గింపే మేలంటారు. నాకేమో ఆ కిచెన్ మీద మనసు పడింది. మా చేతిలో 23 లక్షలున్నాయి, మిగతాది లోనే. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకురాలు, హూడి

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం, మనసు సంగతి తర్వాత.

బెంగళూరులో 45 లక్షలు దాటిన ఇంటికి స్టాంప్ డ్యూటీ 5 శాతం. దాని మీద సెస్, సర్‌చార్జ్ కలిపితే 5.6 అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు ఇదివరకు 1 శాతం ఉండేది, 2025 ఆగస్టు 31 నుంచి 2 చేశారు. అంతా కలిపి 7.6 శాతం. 96 లక్షల ఫ్లాటుకి ఇది దాదాపు 7 లక్షల 30 వేలు. మేనేజర్ 6 లక్షలు తగ్గిస్తానన్నాడంటే, మీ తరఫున తాను కట్టాల్సినదాని కంటే తక్కువే వదులుకుంటున్నాడు. పైగా కిచెన్ కూడా అతనికే మిగిలింది. ఆ 6 అనే అంకె ఊరికే నోటికొచ్చింది కాదు.

90కి కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చు 6 లక్షల 84 వేలు మీరే పెట్టుకోవాలి. మొత్తం 96 లక్షల 84 వేలు. ఆఫర్ తీసుకుంటే 96తో సరి, వంటగది అదనం. ఇక్కడికి మీ మాటే నెగ్గింది.

అసలు తేడా చేతి డబ్బు దగ్గర వస్తుంది. 30 లక్షలు దాటి 75 లోపు లోన్ అయితే ఇంటి ధరలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని, 75 దాటితే 75 శాతమే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఈ ధరలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలపకూడదు. అవి మన జేబులోంచే రావాలి. 96 లక్షల ఫ్లాటుకి మీకు 75 లక్షల లోన్ రావచ్చు, 21 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్ బిల్డర్ కడితే 23లో 2 మిగుల్తాయి. 90 లక్షల ఫ్లాటుకి 72 లక్షల లోన్ వస్తే మీవి 18, రిజిస్ట్రేషన్‌తో కలిపి 24 లక్షల 84 వేలు. ఇంకో రెండు లక్షలకు ఎవరినో అడగాలి. ధర తగ్గింది, చేతి నుంచి పెట్టేది మాత్రం పెరిగింది! మావారు అని రాశారు కదా, ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి. అయితే ఆయన వైపు కూడా ఒక న్యాయం ఉంది. 3 లక్షల లోన్ తగ్గితే ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద ఇరవై ఏళ్లపాటు నెలకు 2,600 దాకా ఈఎంఐ తగ్గుతుంది. మీ దగ్గర 30 లక్షలు ఉండి ఉంటే నేను కూడా తగ్గింపు వైపే ఉండి, 6 కాదు 8 అడగమనేదాన్ని.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు. "రిజిస్ట్రేషన్ మాది" అన్నప్పుడు అందులో స్టాంప్ డ్యూటీ ఉందా? కొందరు ఆ 2 శాతం ఫీజు మాత్రమే కట్టి చేతులు దులుపుకుంటారు. అలాగైతే వాళ్లు పెట్టేది 1 లక్ష 92 వేలు, మీ నెత్తిన పడేది 5 లక్షల 38 వేలు. అప్పుడు మీ 23 లక్షలు ఏ మూలకూ చాలవు. అందుకే స్టాంప్ డ్యూటీ, సెస్, సర్‌చార్జ్, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ అమ్మేవారే భరిస్తారని సేల్ అగ్రిమెంట్‌లో పేరు పేరునా రాయించండి. సేల్స్ అబ్బాయి వాట్సాప్ మెసేజ్ చాలదు. ఆ అబ్బాయి ఆరు నెలల్లో ఇంకో బిల్డర్ దగ్గర ఉంటాడు.

ఏడు లక్షలకు పైగా ఖర్చు పెట్టడానికి సిద్ధపడినవాళ్లు అంతే మొత్తం ధరలో ఎందుకు తగ్గించరని మీకు అనుమానం రావాలి. సేల్ డీడ్‌లో ధర పదిమందికీ తెలుస్తుంది. ఇచ్చిన కిచెన్, కట్టిన స్టాంప్ డ్యూటీ తెలియవు. రెండొందల ఫ్లాట్ల ప్రాజెక్టులో నలభై మిగిలాయనుకోండి. ఒక్కటి 90కి రిజిస్టర్ అయితే మిగిలిన ముప్పై తొమ్మిదికీ వచ్చినవాళ్లు 90తోనే బేరం మొదలుపెడతారు. ముందు 96 పెట్టి కొన్న నూట అరవై మంది ఆఫీసు ముందు నిలబడతారు. ప్రాజెక్టుకి అప్పిచ్చిన బ్యాంకు కూడా మిగిలిన ఫ్లాట్ల విలువను కొత్త రేటుతో కట్టి, "మా అప్పుకి హామీ తగ్గింది, ఏమిటి సంగతి?" అంటుంది. కిచెన్ అయితే ఎవరికీ కనిపించదు, బిల్డర్‌కి మీరనుకున్నంత ఖర్చూ కాదు. నలభై వంటగదులు ఒకేసారి ఆర్డర్ ఇచ్చేవాడికి, ఒక్కటి చేయించుకునే మనకి ఒకే రేటు ఉండదు.

అందుకని నా సలహా: రిజిస్ట్రేషన్ వాళ్లనే కట్టమనండి, కిచెన్ వదిలేస్తానని చెప్పి 96ని 94 చేయమనండి. 75 లక్షల లోన్ అప్పుడూ అందుతుంది, మీ చేతి నుంచి 19 చాలు, మిగిలిన 4 లక్షల్లో మీకు నచ్చినట్టు వంటగది చేయించుకోవచ్చు. బిల్డర్ల కిచెన్లు బొమ్మలో ముచ్చటగా ఉంటాయి గానీ, వెట్ గ్రైండర్ పెట్టడానికి చోటు ఉండదు, గట్టు ఎత్తు ఎవరి కొలతకో ఉంటుంది. అయినా అదే కావాలంటే మెటీరియల్, కంపెనీ పేరు, కొలతలు రాయించుకుని తీసుకోండి. ఒక్కదానికి మాత్రం ఒప్పుకోవద్దు. డీడ్‌లో 96 రాసి, 6 లక్షలు తర్వాత చేతికి తిరిగిస్తామంటారు. బ్యాంకుకి ఒక ధర, మనకి ఒక ధర అయితే రేపు ఇబ్బంది పడేది సంతకం పెట్టిన మీరే.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. హొరమావులో నాన్నగారి స్థలాన్ని జాయింట్ డెవలప్‌మెంట్‌కి ఇస్తే మా వాటాకి ఎనిమిది ఫ్లాట్లు వచ్చాయి. మూడు పోయాయి. మిగతా ఐదు, ఒక్కొక్కటి 1,200 చదరపు అడుగులు, 70 లక్షలు చెప్తున్నాం. ఏడాదిగా కదలడం లేదు. బిల్డర్ తన వాటా ఫ్లాట్లకి నాలుగు ఏసీలు, కిచెన్ ఆఫర్ పెట్టాడు. బ్రోకర్ ఏమో అడుగుకి 300 తగ్గించమంటాడు. మాకు 2 కోట్ల అప్పుంది, 9 శాతం వడ్డీ. తగ్గిస్తే పరువు పోతుందని నాన్నగారు ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, రామమూర్తి నగర్

జవాబు: బాబూ, పరువుకి నెల నెలా ఎంత కడుతున్నారో ముందు చూడండి. 2 కోట్ల మీద 9 శాతం అంటే నెలకు లక్షన్నర. ఖాళీ ఫ్లాట్ల మెయింటెనెన్స్ తలా నాలుగు వేలు వేసుకున్నా ఇంకో ఇరవై వేలు. నెలకు 1 లక్ష 70 వేలు. ఏడాదికి 20 లక్షల 40 వేలు. బ్రోకర్ చెప్పిన 300 తగ్గింపుకి ఐదు ఫ్లాట్ల మీద పోయేది 18 లక్షలు. తగ్గించకుండా ఆగినందుకు ఇప్పటికే అంతకంటే ఎక్కువ పోయింది. ఈ రెండు అంకెలు ఒక కాగితం మీద పక్కపక్కన రాసి నాన్నగారి ముందు పెట్టండి. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అయితే బ్రోకర్ చెప్పాడు కదా అని రేపే తగ్గించొద్దు. మందు ఏదైనా రోగం తెలిశాకే కదా. వచ్చి చూసి వెళ్లినవాళ్లందరికీ ఒకసారి ఫోన్ చేయించండి. ఎందుకు వద్దనుకున్నారు? "ఆ రేటుకి ఇంతకంటే మంచిది దొరికింది" అంటే ధర తప్పు. "నచ్చింది గానీ డబ్బు సర్దుబాటు కాలేదు" అంటే ధర కాదు, చేతి డబ్బు అడ్డం. "లోన్ రాలేదు" అంటే కాగితాలు. అసలు చూడ్డానికే ఎవరూ రాలేదంటే బ్రోకర్‌ని మార్చాలి, ధరని కాదు.

కాగితాల సంగతి కొంచెం విడిగా చెప్తాను, ఎందుకంటే చిన్న బిల్డింగుల్లో పదింటిలో ఆరు చోట్ల నేను చూసింది ఇదే. 2024 చివరి నుంచి బెంగళూరులో ఈ-ఖాతా, అంటే కార్పొరేషన్ దగ్గర ఆన్‌లైన్‌లో ఉండే ఆస్తి రికార్డు, లేకుండా రిజిస్ట్రేషన్ జరగడం లేదు. ఓసీ లేని ఫ్లాటుకి పెద్ద బ్యాంకులు వెనకాడతాయి. ఓసీ రాకముందు అమ్మితే కొనేవాళ్ల మీద 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. మీ ధరకి అది 3 లక్షల 50 వేలు, దాదాపు బ్రోకర్ అడుగుతున్న తగ్గింపంత! ఓసీ ఇంకా రాకపోయి ఉంటే, అది తెప్పించడమే కొనేవాళ్లకి మీరివ్వగల అన్నిటికంటే మంచి ఆఫర్.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. కొనేవాళ్లకి 70 లక్షల ఫ్లాటుకి లోన్ 56 వస్తే, సొంతం 14, రిజిస్ట్రేషన్ 5 లక్షల 32 వేలు, మొత్తం 19 లక్షల 32 వేలు చేతిలో ఉండాలి. మీరు ధరలో 3 లక్షల 60 వేలు తగ్గించారు. అప్పుడు వాళ్లకి కావాల్సింది 18 లక్షల 33 వేలు. అంత తగ్గించినా వాళ్ల చేతికి దక్కిన వెసులుబాటు లక్ష కూడా లేదు. అదే 3 లక్షల 60 వేలు వాళ్ల స్టాంప్ డ్యూటీలో మీరు కట్టారనుకోండి, 15 లక్షల 72 వేలకి పని అవుతుంది. మీకు పోయేది ఒకటే, వాళ్లకి అందేది మూడున్నర రెట్లకు పైనే. చేతి డబ్బు దగ్గర ఆగిపోయిన జంటలు మీ దగ్గరికి వస్తుంటే ధర ముట్టుకోవద్దు, ఇది చేయండి. ఇంకా అద్దె ఇంట్లో ఉంటున్న కుర్రకారు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. సొంతిల్లు అమ్మి ఇంకో ఇల్లు కొనేవాళ్లకి మాత్రం ఇది పట్టదు, వాళ్లు ధరే చూస్తారు.

రోగం ధరలోనే ఉందని తేలితే తగ్గించండి, ఒక్కసారే తగ్గించండి. ఈ నెల అడుగుకి 50, వచ్చే నెల ఇంకో 50 అని దిగితే కొనేవాడు ఆగి చూస్తాడు, నేనైనా ఆగుతాను. గైడెన్స్ వాల్యూ, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం పెట్టిన కనీస ధర, మాత్రం చూసుకోండి. మీరు అమ్మిన ధర కంటే అది పది శాతం మించి ఎక్కువుంటే ఆ తేడా మీద మీకూ, కొన్నవాళ్లకీ ఇన్‌కమ్ ట్యాక్స్ తలనొప్పి వస్తుంది.

బిల్డర్‌తో పోటీపడి ఏసీలు, కిచెన్లు మాత్రం పెట్టకండి. ఐదు వంటగదులకి మీకు దుకాణం రేటే పడుతుంది. అతనికి నాలుగు ప్రాజెక్టులకి కలిపి కొనే రేటు. అదే వస్తువు మీద మీరు ఎక్కువ ఖర్చు పెట్టి, కొనేవాళ్ల దగ్గర అంతే మెప్పు పొందుతారు. దానికంటే అతనితో కూర్చుని ఒక మాట మీదకి రండి. ఒకే లిఫ్టులో ఎక్కే ఫ్లాట్లకి ఇద్దరు అమ్మేవాళ్లు రెండు రేట్లు చెప్తే, తెలివైనవాడు ఇద్దరినీ ఆడిస్తాడు. ముందే కొన్న ముగ్గురికి కూడా మీరే ఫోన్ చేసి చెప్పండి, వాచ్‌మన్ నోట వినకముందే.

ప్రశ్న: డాలస్ దగ్గర ఇల్లు కొన్న మా తమ్ముడికి బిల్డర్ ధర తగ్గించలేదు గానీ, లోన్ వడ్డీని బయట మార్కెట్ కంటే ఒక శాతం తక్కువకి ఇప్పించాడు. ఇక్కడ మాకు బిల్డర్ "పొజెషన్ దాకా ఈఎంఐ లేదు" అంటున్నాడు. రెండూ ఒకటేనా?
— ఒక పాఠకురాలు, బెళ్ళందూరు

జవాబు: ఒకటి కాదమ్మా. మీ తమ్ముడికి దొరికింది గట్టిది. అక్కడ ముప్పై ఏళ్లపాటు మారని వడ్డీకి లోన్ దొరుకుతుంది, పెద్ద బిల్డర్లకి సొంత లోన్ కంపెనీలు కూడా ఉంటాయి. ముందే కొంత డబ్బు కట్టి ఆ వడ్డీని తగ్గిస్తారు. 4 లక్షల డాలర్ల ఇల్లు, 10 శాతం చేతి నుంచి, 7 శాతం వడ్డీ అనుకుందాం. ధర 5 శాతం తగ్గిస్తే నెల కిస్తీ 120 డాలర్ల దాకా తగ్గుతుంది. ధర కదపకుండా వడ్డీని 6 చేస్తే 237 తగ్గుతుంది. నెల నెలా ఎంత అని చూసేవాళ్లకి ఇదే నచ్చుతుంది, బిల్డర్‌కి వీధిలో మిగతా ఇళ్ల ధర పడిపోదు. అక్కడి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ హోమ్ బిల్డర్స్ 2025 జూన్ సర్వేలో ధర తగ్గించామన్నవాళ్లు 37 శాతం, ఏదో ఒక ఇన్సెంటివ్ ఇచ్చామన్నవాళ్లు 62 శాతం.

మన దగ్గర బ్యాంకు హోమ్ లోన్లు చాలావరకు ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతూ ఉంటుంది. 2019 అక్టోబర్ నుంచి కొత్త ఫ్లోటింగ్ లోన్లన్నీ రెపో (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) లాంటి బయటి రేటుకి కట్టేసి ఉంటాయి. ఇరవై ఏళ్ల వడ్డీని ముందే కొనిపెట్టడం ఏ బిల్డర్ వల్లా కాదు. అందుకే కట్టడం పూర్తయ్యేదాకా వడ్డీ నేను కడతాను అంటాడు.

ఇందులో చూడాల్సింది లోన్ ఎవరి పేరు మీద అన్నది. మీ పేరు మీద ఉండి వడ్డీ బిల్డర్ కడుతున్నట్టయితే, అతను ఆపేసిన రోజు బ్యాంకు ఫోన్ మీకే వస్తుంది, సిబిల్ స్కోరు మీదే పడిపోతుంది. ఇలాంటివి చూశాకే రిజర్వ్ బ్యాంక్ 2013లో కట్టడం జరిగినకొద్దీ మాత్రమే లోన్ విడుదల చేయమంది. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2019లో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలను ఈ పథకాలకు దూరంగా ఉండమంది. ఢిల్లీ చుట్టుపక్కల ఇలా ఇరుక్కున్నవాళ్ల కేసుల్లో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సీబీఐ విచారణకే ఆదేశించింది.

లోన్ ఊసే లేకుండా "ఇప్పుడు 10 శాతం, మిగతాది తాళాలిచ్చినప్పుడు" అంటే అది వేరే సంగతి. అక్కడ భారం నిజంగా బిల్డర్ మీద ఉంది. దానికి ధర కాస్త ఎక్కువే వేస్తాడు, వేయనివ్వండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోవడానికి మాత్రం రెరా, అంటే ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను అదుపులో పెట్టే చట్టం, ఒప్పుకోదు.

ప్రశ్న: మేము కొన్న నాలుగు నెలలకే అదే ఫ్లాట్ 5 లక్షలు తక్కువకి అమ్ముతున్నారు. తేడా అడగొచ్చా?
— ఒక పాఠకుడు, సర్జాపూర్ రోడ్

జవాబు: అడగొచ్చు, ఇవ్వాలని చట్టం లేదు. సంతకం పెట్టిన ధరే ధర. తర్వాత తగ్గిస్తే మాకూ ఇవ్వాలి అని అగ్రిమెంట్‌లో మీరు రాయించి ఉంటే తప్ప. మీలాంటివాళ్లు పది, పదిహేను మంది కలిసి వెళ్లండి. డబ్బు అడిగితే తలుపు మూసుకుంటుంది. రెండేళ్ల మెయింటెనెన్స్, ఇంకో కార్ పార్కింగ్, క్లబ్ ఫీజు మాఫీ అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. పార్కింగ్ ఇస్తే ఏ నంబర్ చోటో కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: ఈ ఆదివారంతో ఆఫర్ అయిపోతుందంటున్నారు. టెన్షన్‌గా ఉంది. టోకెన్ కట్టేయమంటారా?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఉగాది ఆఫర్ అయిపోతే అక్షయ తృతీయ ఆఫర్ వస్తుంది, తర్వాత వరమహాలక్ష్మి, దసరా. మార్చి నెలాఖరున లెక్కలు మూసేటప్పుడు పేరు లేని ఆఫర్ కూడా ఒకటి ఉంటుంది, అది పాంప్లెట్‌లో రాయరు, అడిగినవాళ్లకే చెప్తారు. అయిపోయేది ఆఫర్ కాదు గానీ, మీకు నచ్చిన తూర్పు వాకిలి ఫ్లాట్ నిజంగానే పోవచ్చు. అలాంటిది ఒక్కటే మిగిలి ఉంటే టోకెన్ కట్టండి. లోన్ రాకపోతే ఎన్ని రోజుల్లో ఎంత వెనక్కిస్తారో ఆ రసీదు మీదే రాసి ఇమ్మనండి. రాయనంటే ఆదివారం ఇంట్లో ఉండండి.